కోల్‌ఫాక్స్ కథ రాసిన చిరంజీవికి

ఆశీస్సులు.

1873లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, కోల్‌ఫాక్స్ అనే ఊరి నేపథ్యంగా నీవు రాసిన కథను రెండుసార్లు చదివాను. అంత దూరపు ఊరి గురించి ఇంత శ్రద్ధగా తెలుసుకున్నందుకు ముచ్చట వేసింది. అయితే అసలు ఘట్టానికి వచ్చేసరికి, ‘కోల్‌ఫాక్స్ అల్లర్లలో అనేకమంది నల్లవారు ప్రాణాలు కోల్పోయారు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. నా అభ్యంతరమంతా ఆ వాక్యం మీదనే.

ఆ ప్రాణాలు వాటంతట అవి పోలేదు. 1872 గవర్నర్ ఎన్నికలో నల్లవారు బలపరిచిన రిపబ్లికన్లూ, వారి ప్రత్యర్థులూ ఎవరికి వారు తామే గెలిచామని చెప్పుకోవడంతో, గ్రాంట్ పారిష్‌లో (మన జిల్లా వంటిదనుకో) న్యాయస్థానం చేజారిపోకుండా నల్లవారు చుట్టూ కందకం తవ్వి కాపలా కాశారు. ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం నాడు, సాయుధులైన తెల్లవారు ఫిరంగితో వచ్చి, ఆ భవనానికి నిప్పు పెట్టించి, లొంగిపోయిన వారిని బందీలుగా ఉంచి, రాత్రయ్యాక కాల్చి చంపారు. మృతుల సంఖ్య 60 నుంచి 150 వరకు ఉంటుందని అంచనా. నీవు కచ్చితమైన అంకె వేయవద్దు. అసలు లెక్క ఎవరికీ తెలియదు.

‘అల్లర్లు’ అన్న మాట ఎవరిదో చూడు. 1950లో రాష్ట్రం అక్కడ నిలిపిన ఫలకం మీద ఉన్నది అదే మాట. ఆ ఘటనతో అమెరికా దక్షిణాదిన దుష్పరిపాలన అంతమైందని కూడా దాని మీద రాశారు. దానిని 2021లో గాని తీసివేయలేదు. చంపినవారి మాటను తెలియకుండానే నీవు అరువు తెచ్చుకున్నావు. (నా తొలి కథల్లో నేనూ చంపిందెవరో చెప్పకుండా ‘చంపబడ్డారు’ అని రాసి, ఎంత గంభీరంగా ఉందోనని మురిసిపోయినవాడినే.)

ఇక హంతకులను తరతరాల పగతో రగిలిపోయినవారిగా చిత్రించావు. బానిసత్వం 1865లో రద్దయింది, నల్లజాతి పురుషులకు ఓటు హక్కు 1870లో రాజ్యాంగంలోకి వచ్చింది. వారు కాజేయదలచినది ఆ ఓటును, దానితో వచ్చే షెరీఫ్ (స్థానిక పోలీసు అధికారి) పదవిని. పగ కంటే ఈ లెక్క ఎక్కువ భయపెడుతుంది. చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఉండాలనే పద్నాలుగో రాజ్యాంగ సవరణ రాష్ట్ర ప్రభుత్వాలను కట్టడి చేస్తుందే తప్ప విడి వ్యక్తులను కాదంటూ, ఆ దాడి కేసులో శిక్ష పడిన ముగ్గురినీ 1876లో సుప్రీంకోర్టు విడిచిపెట్టిన తీరుకు ఒక పేజీ అయినా కేటాయించు.

ఆ న్యాయస్థానం ఒకప్పుడు తోట యజమాని గుర్రపుశాల. అక్కడ గుర్రాలకు మేత వేసిన మనిషి ఒకడు అదే గోడల మధ్య కాపలాకు నిలబడితే కథ ఎలా సాగుతుందో రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి