కాన్పు తర్వాత పిట్యూటరీ వాపు: ఆపరేషన్‌కు తొందర పడాలా?

ప్రశ్న: మా చెల్లెలికి 27 ఏళ్లు. కాన్పయి రెండు నెలలైంది. ఎనిమిదో నెల నుంచే తలనొప్పి ఉండేది. కాన్పులో రక్తస్రావం ఎక్కువగా కాలేదు, కానీ పాలు పడలేదు. ఆకలి లేదు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. థైరాయిడ్ హార్మోను ఫ్రీ టీ4 తక్కువగా ఉన్నా, థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్ నార్మల్ అని వచ్చింది. ఎంఆర్ఐలో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఉబ్బి ఉంది. ఒక డాక్టరు కణితి అని, ఆపరేషన్ చేయాలన్నారు. మరొకరు హైపోఫిసైటిస్ (పిట్యూటరీ వాపు) కావచ్చన్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆపరేషన్ కంటే ముందు తేలవలసింది, బీపీ నిలవడానికి, ఒత్తిడిని తట్టుకోవడానికి అవసరమైన కార్టిసాల్ హార్మోను సంగతి. మీరు రాసిన లక్షణాలు ఆ హార్మోను లోపానికీ సరిపోతాయి కనుక, ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో కార్టిసాల్‌తో పాటు సోడియం, పాలు పడటానికి కావలసిన ప్రొలాక్టిన్ హార్మోను వెంటనే పరీక్ష చేయించండి. ఈలోగా వాంతులు మొదలైనా, బీపీ పడిపోయినా, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం నమూనా తీసి వెంటనే హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే స్టెరాయిడ్) ఇంజెక్షన్ ఇవ్వాలి. ఫ్రీ టీ4 తక్కువగా ఉంది కదా అని ముందుగా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టకూడదు. కార్టిసాల్ లోపాన్ని సరిచేయకుండా ఆ మాత్ర ఇస్తే, ఉన్న కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయి ప్రాణాపాయం రావచ్చు.

శరీర రక్షణ కణాలు సొంత పిట్యూటరీపైనే దాడి చేయడం వల్ల వచ్చే ఈ వాపును లింఫోసైటిక్ హైపోఫిసైటిస్ అంటారు. 1962లో స్కాట్లండ్‌కు చెందిన గూడీ, పింకర్టన్ దీన్ని తొలిసారి వర్ణించారు. వారు వర్ణించిన, కాన్పయి ఏడాది దాటిన 22 ఏళ్ల మహిళ అపెండిక్స్ ఆపరేషన్ తర్వాత మరణించాకే జబ్బు బయటపడింది.

ఎంఆర్ఐలో గ్రంథి రెండు వైపులా సమానంగా ఉబ్బి, దాన్ని మెదడుకు కలిపే కాడ మందంగా కనిపిస్తే హైపోఫిసైటిస్ వైపు మొగ్గుతాం. కణితి ఎక్కువగా ఒక పక్కకు పెరిగి కాడను పక్కకు నెడుతుంది. రక్తం ఎక్కువగా పోలేదు కనుక, కాన్పులో తీవ్ర రక్తస్రావం వల్ల పిట్యూటరీ దెబ్బతినే షీహాన్ సిండ్రోమ్ అవకాశం తక్కువ. ఖాయంగా చెప్పగలిగేది గ్రంథి ముక్క తీసి చూసే బయాప్సీ ఒక్కటే అయినా, కాన్పు, హార్మోన్లు, ఎంఆర్ఐ ఒకే మాట చెబుతున్నప్పుడు అది అవసరం కాదని నా అభిప్రాయం. మన దేశంలో మాత్రం క్షయ ఎక్కువ కనుక, అది లేదని తేల్చుకోకుండా ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు ఇవ్వకూడదు.

ఉబ్బిన గ్రంథి కంటి నరాలను నొక్కవచ్చు కనుక చూపు పరిధి పరీక్ష తప్పక చేయించండి. చూపు తగ్గుతుంటే ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, వాటికీ లొంగకపోతే ఆపరేషన్. చూపు బాగుంటే లోపించిన హార్మోన్లను భర్తీ చేస్తూ, కొన్ని నెలలకు మళ్లీ ఎంఆర్ఐ తీయించి చూడవచ్చు. హైడ్రోకార్టిసోన్ సాధారణంగా రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా ఇస్తారు. తర్వాత మొదలుపెట్టే థైరాయిడ్ మాత్ర మోతాదును ఫ్రీ టీ4 చూసి నిర్ణయించాలి. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే పిట్యూటరీ కనుక ఈ జబ్బులో దాన్ని నమ్మడానికి లేదు. స్టెరాయిడ్ మొదలుపెట్టాక విపరీతమైన దాహం, మూత్రం మొదలైతే మూత్రాన్ని అదుపుచేసే డెస్మోప్రెసిన్ మందు అవసరం కావచ్చు, వెంటనే చెప్పండి.

వాపు తగ్గినా హార్మోన్లు తిరిగి రాకపోవచ్చు. చాలామందికి హైడ్రోకార్టిసోన్ జీవితాంతం అవసరమవుతుంది. దాన్ని సొంతంగా ఆపకూడదు. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలి, వాంతులై మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ వేయించాలి. ఆ ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోండి, వేయడం మీలో ఒకరు నేర్చుకోండి.