వేలు లోపలికి ముడుచుకుపోతోంది... ఇది నరం సమస్యేనా?

ప్రశ్న: నా వయసు 58. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. కుడి అరచేతిలో ఉంగరం వేలి మొదట్లో ఏడాది కిందట చిన్న గడ్డలా తగిలింది. నొప్పి లేదు కదా అని వదిలేశాను. ఇప్పుడది తాడులా పైకి తేలింది, వేలు పూర్తిగా చాపలేకపోతున్నాను. డాక్టర్ ‘డ్యుపుట్రెన్ కాంట్రాక్చర్’ అని రాశారు. ఇంట్లోవాళ్లు నరం లాగేసిందని, నూనెతో మర్దన చేయించమని అంటున్నారు. ఆపరేషన్‌లో నరం తెగి వేలు పడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఈ పేరేమిటి? ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ వేలిని లాగుతున్నది నరం కాదండీ. వేలిని ముడిచే టెండన్ (కండను ఎముకకు కలిపే తాడులాంటి భాగం) కూడా కాదు. అరచేతి చర్మానికీ టెండన్లకూ మధ్య ఒక గట్టి పొర ఉంటుంది. అది మందమెక్కి, కుంచించుకుపోయి వేలిని లోపలికి లాగుతోంది. ఈ సంగతిని చేతిని కోసి చూసి తేల్చిన ఫ్రెంచ్ సర్జన్ గియోమ్ డ్యుపుట్రెన్ పేరే మీ చీటీ మీద ఉంది. ఆయనేం చేశారో తెలిస్తే మీ భయం చాలావరకు తగ్గుతుంది.

డ్యుపుట్రెన్ 1777లో లిమోజ్ దగ్గర పియర్ బుఫియేర్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. కలిగిన కుటుంబమేమీ కాదు. 12 ఏళ్లప్పుడు ఆ ఊరు మీదుగా వెళ్తున్న ఒక సైనికాధికారి కుర్రాడి చురుకుదనానికి ముచ్చటపడి, చదివించడానికి పారిస్ తీసుకెళ్లాడు. 18 ఏళ్లకే, 1795లో, అక్కడి వైద్య విద్యాలయంలో పాఠాల కోసం శవాలను కోసి సిద్ధం చేసే ప్రొసెక్టర్ ఉద్యోగం సంపాదించారు. రోగం శరీరంలో ఏ భాగాన్ని ఎలా మార్చిందో శవపరీక్షలో కళ్లారా చూడటం, అంటే పాథాలజీ, అప్పట్నుంచే ఆయనకు పట్టుబడింది.

1802లో పారిస్‌లోని ప్రసిద్ధ ఆస్పత్రి ఓటెల్ ద్యూలో సర్జన్‌గా చేరి, 1815 నాటికి అక్కడ చీఫ్ సర్జన్ అయ్యారు. పొద్దున్నే ఆరింటికల్లా వార్డుల్లో ఉండేవారు. రౌండ్స్, పాఠం, ఆపరేషన్లు, శవపరీక్షలు ఒకదాని వెంట ఒకటి సాగేవి. కాలిన గాయాలను లోతును బట్టి ఆరు స్థాయిలుగా విడదీసింది కూడా ఆయనే. మనిషి మాత్రం కటువు. తోటి సర్జన్ల ఎదుగుదలను ఓర్వలేరని పేరుంది, శత్రువులూ తక్కువేం కాదు. కానీ రోగం మూలం దాకా వెళ్లి చూడకుండా కత్తి పట్టని ఆయన అలవాటంటే నాకెంతో గౌరవం.

మీలాంటి వేళ్లను ఆ రోజుల్లో చాలామంది వైద్యులు టెండన్ కురచైపోయిన కేసులుగానే చూసేవారు. అంతకుముందే ఇంగ్లండ్‌లో సర్జన్లు హెన్రీ క్లైన్, ఆస్ట్లీ కూపర్ ఈ పొరనే అనుమానించారు, కానీ ఆ మాట పెద్దగా వ్యాపించలేదు. వేళ్లు ఇలాగే ముడుచుకుపోయిన ఒక వృద్ధుడు చనిపోయాడని తెలిసి, డ్యుపుట్రెన్ ఆయన చేతిని తెప్పించుకున్నారు. ముందు దాని బొమ్మ గీయించారు. తర్వాత చర్మం ఒలిచారు. చర్మం మీద కనబడిన ముడతలన్నీ పోయాయి, వేళ్లు మాత్రం వంగే ఉన్నాయి. కింద పొర బిగుసుకుని ఉంది. ఆ పొర నుంచి వేళ్లకు వెళ్లే పోగులను తెంచగానే వేళ్లు చాపడానికి వచ్చాయి. టెండన్లను ఆయన ముట్టుకోనే లేదు. వాటిలో, కీళ్లలో ఏ లోపమూ కనబడలేదు.

ఆ ధైర్యంతోనే 1831 జూన్‌లో ఒక ద్రాక్షసారా వ్యాపారికి ఆపరేషన్ చేశారు. ఆ వ్యాపారికి 1811లో పీపా ఎత్తుతుండగా అరచేతిలో ఏదో పటుక్కుమన్నట్టయిందట. తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ఉంగరం వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయాయి. అప్పటికి మత్తుమందు లేదు. డ్యుపుట్రెన్ అడ్డంగా కోసి పొరను తెంచారు, వేళ్లను చెక్కకు కట్టి చాపి ఉంచారు. ఆ డిసెంబరులో దీని మీద ఇచ్చిన పాఠంతోనే జబ్బుకు ఆయన పేరు స్థిరపడింది. 1835లో చనిపోతూ పారిస్ వైద్య విద్యాలయంలో పాథలాజికల్ అనాటమీ ఆచార్య పదవి కోసం 2 లక్షల ఫ్రాంకులు రాసిచ్చారు. ఆయన పేరుతో మ్యూజియం కూడా వెలిసింది.

చేతితో బరువు పనులు చేయడం వల్లే ఇది వస్తుందని డ్యుపుట్రెన్ నమ్మారు. ఇవాళ మనకు ముఖ్యంగా కనబడుతున్నది వంశపారంపర్యం. ఉత్తర యూరప్ మూలాలవాళ్లలో ఎక్కువ, మన దగ్గర తక్కువే. కానీ షుగర్ ఉన్నవాళ్లలో మన దగ్గరా చూస్తుంటాం. పొగ, మందు అలవాట్లు కూడా దీనికి తోడవుతాయి. మీకు ఆ అలవాట్లుంటే మానేయండి.

ఇక మీ సంగతి. అరచేతిని బల్ల మీద బోర్లించి చూడండి. మొత్తం చేయి ఆనితే తొందరేమీ లేదు, కొన్ని నెలలకోసారి అలాగే చూసుకుంటే చాలు. ఆనకపోతే సర్జన్‌కు చూపించాలి. మామూలుగా వేలి మొదటి కీలు (అరచేతిని కలిసే చోటిది) 30 డిగ్రీలు వంగినా, మధ్య కీలు ఏ కాస్త వంగడం మొదలైనా చికిత్స గురించి ఆలోచిస్తాం. మధ్య కీలు ఎక్కువ కాలం వంగి ఉండిపోతే ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా చాచుకోదు. అందుకే దాన్ని వదిలేయొద్దు. మర్దనతో ఈ పొర కరగదు. గట్టిగా లాగి సాగదీస్తే నొప్పే మిగులుతుంది.

తాడు సన్నగా, స్పష్టంగా ఉంటే సూదితోనే తెంచవచ్చు. లేదంటే కోసి ఆ పొరను తీసేస్తాం. తీసేది పొరనే, టెండన్‌ను కాదు. అయితే వేలికి స్పర్శనిచ్చే సన్నని నరాలు ఆ తాడును చుట్టుకుని ఉండవచ్చు, వాటికి దెబ్బ తగిలే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. అందుకని చేతి ఆపరేషన్లలో అనుభవమున్న ప్లాస్టిక్ లేదా ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికే వెళ్లండి. కొన్నేళ్లకు మళ్లీ రావచ్చు, సూది పద్ధతిలో ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ.

వేళ్లలో స్పర్శ తగ్గినా, చేతి కండలు పల్చబడినా ఆ వంకర వేరే జబ్బు వల్ల కావచ్చు. నరాలు దెబ్బతిన్నా, కుష్ఠు ఉన్నా అలా అవుతుంది, వెంటనే పరీక్ష చేయించుకోవాలి. వేలు ముడిచి చాపేటప్పుడు టక్కుమని పట్టేస్తే అది ట్రిగ్గర్ ఫింగర్, దానికి వైద్యం వేరు. సర్జన్ దగ్గరికి వెళ్లేముందు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించుకుని, మీరు వాడే మందుల చీటీలు, ముఖ్యంగా రక్తం పల్చబడే మాత్రలుంటే అవి కూడా, వెంట తీసుకెళ్లండి.