ఏడాది సరుకు ఒకేసారి కొనవచ్చునా?

ప్రశ్న: చింతపండు, ఎండుమిరప, కందిపప్పు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనమని మా అత్తగారు అంటారు. నెలనెలా కొనడం కంటే అది నిజంగా పొదుపేనా?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: అన్ని సరుకులకూ ఒకే లెక్క పనికిరాదమ్మా. కొత్త చింతపండు, కొత్త మిరప ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు విరివిగా వస్తాయి కనుక, సాధారణంగా ధర దిగే ఆ రోజుల్లో ఏడాదికి కొనడం మంచిదే. అయితే చింతపండును గింజలు, ఈనెలు తీసి, బాగా ఎండబెట్టి, పొరపొరకూ రాళ్ళ ఉప్పు చల్లుతూ జాడీలోకి గట్టిగా కూరితేనే వానాకాలంలో పాడుకాకుండా ఉంటుంది. మిరపకాయలను తొడిమలతోనే దాచి, కారం రెండు మూడు నెలలకు చాలినంత మాత్రమే పట్టించుకోండి. కందిపప్పుకు పురుగు త్వరగా పడుతుంది, మూడు నెలలకు మించి వద్దు. తగ్గింపు ధరకు దొరికిందని ఇద్దరున్న ఇంటికి అయిదు కిలోల రవ్వ తేవడం మాత్రం, నా దృష్టిలో, పురుగులను పోషించడమే.