ట్రిగ్గర్ ఇంజెక్షన్ తర్వాత ఐసీయూ పాలయ్యాను, సంతకం పెట్టాను కాబట్టి కేసు వేయలేనా?

ప్రశ్న: నా వయసు 29. పీసీఓడీ ఉంది. ఐవీఎఫ్ కోసం ఒక సెంటర్‌లో చేరాం. పది రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు చేసి, చివర్లో ట్రిగ్గర్ (అండాల్ని పక్వానికి తెచ్చే ఇంజెక్షన్) ఇచ్చి అండాలు తీశారు. మూడో రోజుకి పొట్ట ఉబ్బిపోయింది, మూత్రం సరిగా రాలేదు, ఆయాసం మొదలైంది. ఫోన్ చేస్తే గ్యాస్ అయ్యుంటుంది, మామూలే అన్నారు. మర్నాడు వేరే ఆసుపత్రిలో ఐసీయూలో చేర్చి పొట్టలో నీరు తీశారు. ఇప్పుడు సెంటర్ వాళ్లు ‘రిస్క్ ఉంటుందని సంతకం పెట్టారు కదా’ అంటున్నారు. ఆ కాగితాలు అండాలు తీసే రోజు పొద్దున పెట్టించుకున్నవే. కేస్ షీట్ అడిగితే రేపు మాపు అంటున్నారు. మేం ఏం చేయగలం?

జవాబు: మీరు చివర్లో మామూలుగా చెప్పేసిన మాటే మీ కేసుకి ప్రాణం. సంతకం ఏ రోజు పెట్టారన్నది.

ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చాక సుమారు 34 నుంచి 36 గంటలకి అండాలు తీస్తారు. అంటే ఆ పొద్దున మీ చేతికి ఫారం వచ్చేసరికి పది రోజుల ఇంజెక్షన్లూ ట్రిగ్గరూ అన్నీ ఒంట్లోకి వెళ్లిపోయాయి. మీకు వచ్చింది అండాశయాలు మందుకి అతిగా స్పందించడం వల్ల వచ్చే సమస్యలా ఉంది, డాక్టర్లు ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు. అది వచ్చేది ఈ ఇంజెక్షన్ల వల్లే. ఇంజెక్షన్లన్నీ అయ్యాక, వాటి రిస్క్ ఒప్పుకుంటున్నామని తీసుకున్న సంతకానికి విలువేముంది? ఐవీఎఫ్ లాంటి చికిత్సల్ని నియంత్రించే 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం చికిత్స వల్ల కలిగే దుష్ప్రభావాలు, రిస్కులు, ఖర్చు దంపతులకి వివరించడం సెంటర్ బాధ్యత, రాతపూర్వక సమ్మతి లేకుండా చికిత్స చేయకూడదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే దారిలో ఉంటుంది: రోగికి చికిత్స ఏంటో, రిస్క్ ఏంటో, వేరే దారులేమున్నాయో తెలిశాక ఇచ్చినదే సమ్మతి, ఒక పనికి ఇచ్చిన సమ్మతి ఇంకో పనికి చెల్లదు. అయితే ఇంజెక్షన్లు మొదలుపెట్టిన రోజు కూడా ఏదైనా కాగితం మీద సంతకం చేశారేమో ఇంట్లో ఫైలు తిరగేసి చూసుకోండి. అది ఉంటే నేను పైన రాసినదాంట్లో సగం బలం పోతుంది.

ఇక కాస్త చేదు మాట. ఓహెచ్‌ఎస్‌ఎస్ వచ్చినంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదు. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి వస్తుంది, కోర్టుకి అది తెలుసు. ఐవీఎఫ్ ప్రయత్నం (సైకిల్) ఫెయిలవడం కూడా నిర్లక్ష్యం కిందికి రాదు. కోర్టు అడిగేదల్లా, ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు చేయాల్సింది వీళ్లు చేశారా లేదా అని. పీసీఓడీ ఉన్నవాళ్లకీ, ఏఎంహెచ్ (అండాల నిల్వని సూచించే హార్మోన్) ఎక్కువున్నవాళ్లకీ, చిన్న వయసువాళ్లకీ ఈ ముప్పు ఎక్కువని ఆ రంగంలో అందరికీ తెలిసిందే. అందుకే డోసు తక్కువతో మొదలుపెడతారు, స్కానింగులతో, అవసరమైతే ఎస్ట్రడయోల్ అనే హార్మోన్ రక్తపరీక్షతో గమనిస్తారు, వీలున్నచోట మామూలుగా ట్రిగ్గర్‌గా వాడే హెచ్‌సీజీ హార్మోన్ బదులు ల్యూప్రోలైడ్ లాంటి మందుతో ట్రిగ్గర్ ఇస్తారు (అది అన్ని చికిత్సా పద్ధతుల్లో కుదరదు), పిండాల్ని వెంటనే గర్భంలో పెట్టకుండా ఫ్రీజ్ చేసి తర్వాతి నెలలకి వాయిదా వేస్తారు. మీ స్కానింగ్ షీట్‌లో ఎన్ని ఫాలికల్స్ (అండాలు పెరిగే తిత్తులు) కనిపించాయి, అవి చూశాక డోసు తగ్గించారా పెంచారా, ట్రిగ్గర్‌గా ఏ మందు ఎంత ఇచ్చారు... ఇవి తెలియకుండా నిర్లక్ష్యం ఉందని నేనే కాదు, ఏ లాయరూ చెప్పలేరు. చెప్పారంటే ఫీజు కోసం చెప్పినట్టే.

నాకు వాళ్ల మీద ఎక్కువ కోపం తెప్పించింది ఫోన్ సంగతి. అండాలు తీసిన మూడో రోజు, పీసీఓడీ ఉన్న మనిషి, పొట్ట ఉబ్బింది, మూత్రం తగ్గింది, ఆయాసంగా ఉంది అంటే వెంటనే రమ్మని చూడాల్సింది పోయి గ్యాస్ అన్నారు! ఫోన్ ఎత్తింది డాక్టరా, రిసెప్షన్‌లో అమ్మాయా, నర్సా అనేది ముఖ్యం కాదు, ఎవరు మాట్లాడినా సెంటర్ జవాబు చెప్పాల్సిందే. మీ కాల్ లాగ్, వాట్సాప్ మెసేజీలు స్క్రీన్‌షాట్ తీసి ఇంకోచోట దాచండి, ఫోన్ మార్చే ఆలోచనుంటే ఆగండి. ఐసీయూ ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీలో చేరిన టైము, ఎంత నీరు తీశారో, ఓహెచ్‌ఎస్‌ఎస్ అని రాశారో లేదో చూసుకోండి. ఆ డాక్టరుగారే మీకు అన్నిటికన్నా మంచి సాక్షి.

కేస్ షీట్ నోటితో అడగడం ఆపి రాసి అడగండి, ఒక కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి, వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వైద్యుల ప్రవర్తనా నియమావళి (2002) ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, ఏఆర్‌టీ సెంటర్లు రికార్డులు కనీసం పదేళ్లు ఉంచాలి కాబట్టి పోయాయనే సాకు కుదరదు. ఇంజెక్షన్ల బిల్లులు, డబ్బాలు మిగిలుంటే బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. వాటిలో చాలా మందులు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, మీరు ఇంట్లో పెట్టుకున్నారా, ఎవరు చేశారు అని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు. జవాబు ఇప్పుడే రాసిపెట్టుకోండి.

కేసు ఎక్కడంటారా, జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. 2019లో కొత్త వినియోగదారుల చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, సెంటర్ ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు అన్నా, మీలాంటి సాంకేతిక కేసులో ఒక గైనకాలజిస్టు రాతపూర్వక అభిప్రాయం లేకుండా వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఏఆర్‌టీ చట్టం అమలు చూసే రాష్ట్ర అధికారులకి, మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు వేరేగా పెట్టుకోవచ్చు, వాటివల్ల పరిహారం రాదు. పోలీస్ స్టేషన్‌కి మాత్రం ఇప్పుడే పరుగెత్తకండి, డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం చూపాలి.

ఇంకోసారి ప్రయత్నిద్దామనుకుంటే, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఈ డిశ్చార్జ్ సమ్మరీ ముందు చూపించండి, ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. పాత సెంటర్‌లో మీ పిండాలు ఫ్రీజ్ చేసి ఉంటే, గర్భంలో పెట్టేలోపు ఎప్పుడైనా సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు మీకుంది, ‘కేసు వాపసు తీసుకుంటేనే ముందుకెళ్తాం’ అని బేరం పెడితే ఆ మాట మెసేజ్‌లో రాయమనండి. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ఐసీయూలో చేరిన తేదీ నుంచి లెక్కపెట్టుకుని, అందులో కనీసం ఆరు నెలలు ఉండగా కాగితాలన్నీ పట్టుకుని లాయర్ని కలవండి.