పాప దుప్పటి: అంచులు చుట్టుకోకుండా, కుట్లు పెరగకుండా

ఒడిశాలోని రాయగడ నుంచి ఒకరు అడిగారు: పాప దుప్పటిని సీదా (నిట్, V లా కనిపించే కుట్టు) ఒక వరస, ఉల్టా (పర్ల్, అడ్డంగా ఉబ్బుగా కనిపించే కుట్టు) ఒక వరస అల్లుతుంటే అంచులు చుట్టుకుపోతున్నాయి, 120తో మొదలెట్టిన కుట్లు 131 అయ్యాయి, సులువైన గళ్ళ డిజైన్ ఏదైనా ఉందా అని.

అంచులు చుట్టుకోవడం మీ చేతి తప్పు కాదు. ఒకవైపంతా సీదా, రెండోవైపంతా ఉల్టా ఉన్న ముక్క ఎవరు అల్లినా అలాగే అవుతుంది. పక్క అంచులు వెనక్కి, కింద పై అంచులు ముందుకి మడతపడతాయి. ఇస్త్రీతో అణిచేద్దామనుకోకండి, యాక్రిలిక్ ఊలు వేడికి చచ్చి సాగిపోతుంది. సీదా గడి పక్కన ఉల్టా గడి వేస్తే ఒకదాని లాగుడు ఇంకొకటి ఆపుతుంది. దుప్పటి చదునుగా పడుకుంటుంది.

కుట్లు పెరగడానికి మాత్రం చేతి తప్పే కారణం. సీదా నుంచి ఉల్టాకి మారేటప్పుడు దారం రెండు సూదుల మధ్యలోంచి ముందుకు రావాలి. సూది మీదుగా తెస్తే అక్కడ కొత్త కుట్టొకటి పుడుతుంది, కింద చిన్న చిల్లు పడుతుంది. రెండో చోటు వరస మొదలు. దారాన్ని సూది మీదుగా వెనక్కి గట్టిగా లాగితే, మొదటి కుట్టు కింది వరస నుంచి పైకి లేచి రెండు కాళ్ళతో కనిపిస్తుంది. ఆ రెండింటినీ విడివిడిగా అల్లేస్తాం. వరస మొదలుపెట్టే ముందు దారం సూది కిందుగా ఉందో లేదో చూసుకోండి.

8 ప్లై (మధ్యరకం లావు) ఊలు, 8 నంబరు సూది (4 మి.మీ.) తీసుకోండి. మన నంబర్లలో అంకె తగ్గేకొద్దీ సూది లావు. 80 సెం.మీ. వైరు ఉన్న సర్క్యులర్ సూది (రెండు సూదుల్ని వైరుతో కలిపినది) అయితే బరువు ఒళ్ళో ఉంటుంది. గుండ్రంగా కలపకండి, వరస అవగానే తిప్పి అల్లండి. యాక్రిలిక్ అయితే 350 గ్రాములు, నూలు అయితే 450 దాకా పట్టొచ్చు. ఉండలన్నీ ఒకే డై లాటువి (ఒకేసారి రంగు వేసినవి) కొనండి, తర్వాత తెచ్చిన ఉండ రంగు తేడా గడుల్లో పట్టిస్తుంది. కొరాపుట్, సెమిలిగుడ చలికి ఊలు సరే. బరంపురం, పర్లాకిమిడి ఉక్కకి నేనైతే నూలే అంటాను.

7 నంబరు సూదితో 153 కుట్లు ఎక్కించండి. ఇక్కడ బిగిస్తే కింది అంచు జన్మలో సాగదు. 8 నంబరుకి మారి సీదా 1, ఉల్టా 1, చివర సీదా 1 వచ్చేలా 14 వరసలు. బేసి సంఖ్య కాబట్టి ప్రతి వరసా సీదాతోనే మొదలై సీదాతోనే ముగుస్తుంది. ఇది బోర్డరు. ఇక్కణ్ణుంచి రెండు చివర్లా 9 కుట్లు ఇదే పద్ధతిలో సాగుతాయి, మధ్య 135 కుట్లు గళ్ళు.

ముందు వైపు వరసలో మధ్యభాగం: సీదా 9, ఉల్టా 9, ఇలా 7 సార్లు, చివర సీదా 9. వెనక వైపు: ఉల్టా 9, సీదా 9, 7 సార్లు, చివర ఉల్టా 9. ఈ రెండు వరసలూ కలిపి 12 వరసలు వచ్చేదాకా అల్లితే ఒక మెట్టు. తర్వాతి 12 వరసల్లో సీదా ఉన్నచోట ఉల్టా, ఉల్టా ఉన్నచోట సీదా. మొత్తం 15 మెట్లు, పైన మళ్ళీ 14 వరసల బోర్డరు. 10 సెం.మీ.కి 22 కుట్లు వస్తే దుప్పటి దాదాపు 70 సెం.మీ. చదరం అవుతుంది. ప్రతి 9 కుట్లకీ వేరే రంగు దారం ముక్క ముడేసి రింగులా సూదికి తగిలించండి. ఎక్కువొచ్చిన కుట్టు ఆ గడిలోనే దొరికిపోతుంది, వరసంతా విప్పక్కర్లేదు.

కొత్త ఉండ అంచు దగ్గరే కలపండి. ముడి వెయ్యొద్దు, పాప ఒంటికి ఒరుసుకుంటుంది. 15 సెం.మీ. కొస వదిలి చివర్లో ఉల్టా కుట్ల గుండా కుట్టు సూదితో దోపండి. అల్లిక ముగించి కుట్లు సూది నుంచి దించేటప్పుడు మళ్ళీ 7 నంబరు సూది. తడిపాక వేలాడదీస్తే బరువుకి సాగుతుంది, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి.

వేళ్ళు ఇరుక్కునే చిల్లుల డిజైన్లు నెలల పిల్లలకి వద్దు. ఏడాది నిండేదాకా నిద్రపోతున్న పాప దగ్గర ఈ దుప్పటి వదిలిపెట్టకండి, ముఖం మీదికి రావచ్చు. ఎత్తుకున్నప్పుడు చుట్టడానికి, మెలకువగా ఉన్నప్పుడు కింద పరవడానికి వాడండి. చలికాలం కుంపటి పెట్టే ఇల్లయితే యాక్రిలిక్ దుప్పటి దాని దరికి పోనివ్వకండి. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.