ఉబ్బిన కెపాసిటర్లు, ఇంట్లో మరమ్మతు: ఖర్చుకు ముందే హద్దు గీసుకోండి

ప్రశ్న: మా ఫ్లాట్ టీవీ కొని 6 ఏళ్లయింది. కొన్ని రోజులుగా స్టాండ్‌బై లైటు వెలుగుతోంది గానీ టీవీ ఆన్ కావడం లేదు. లోపల టిక్కుమని రెండు మూడుసార్లు చప్పుడు వచ్చి ఆగిపోతోంది. మెకానిక్ వెనుక మూత విప్పి, పవర్ సప్లై బోర్డు మీద రెండు కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలువ ఉంచే చిన్న డబ్బీల్లాంటి భాగాలు) ఉబ్బాయని చూపించారు. బోర్డు మొత్తం మార్చాలని, దానికి కొత్త టీవీ ధరలో మూడో వంతు అవుతుందని చెప్పారు. పనిముట్లు కొని ఆ రెండింటినీ నేనే మార్చుకోవడం మంచిదా, లేక వాయిదాల మీద కొత్త టీవీ తీసుకోవడం మంచిదా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, కొద్దిపాటి డబ్బుతో ఒక్కసారి ప్రయత్నించడం లెక్క ప్రకారం సబబే. అయితే ఎంతవరకు ఖర్చు పెట్టాలో, ఎక్కడ ఆపేయాలో మూత విప్పకముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంటి మరమ్మతుల్లో డబ్బు ఎక్కువగా కరిగిపోయేది, ఇంతదాకా వచ్చాం కదా, ఇంకొక్క భాగం మారిస్తే సరిపోతుందేమో అనుకుంటూ పెట్టే రెండో, మూడో ఖర్చుల దగ్గరే.

కొత్త టీవీ ధర 100 అనుకుందాం. అది 8 ఏళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి మీకు పడే ఖర్చు 12.5. రెండు కెపాసిటర్ల ఖర్చు 2, సోల్డరింగ్ ఐరన్ (భాగాలను బోర్డుకు వేడితో అతికించేది), మల్టీమీటర్ (వోల్టేజి కొలిచేది) వంటి పనిముట్ల ఖర్చు 10 అనుకుంటే మీ ప్రయత్నానికి మొత్తం 12 అవుతుంది. పాత టీవీ ఒక్క ఏడాది పనిచేసినా ఆ డబ్బు దాదాపుగా తిరిగి వచ్చినట్టే. మరమ్మతు ఫలించే అవకాశం సగమే అనుకుని, ఫలిస్తే 3 ఏళ్లు నడుస్తుందని లెక్క కట్టినా, ఆ మూడేళ్ల విలువ 37.5లో సగం, అంటే సుమారు 19 వస్తుంది. పెట్టేది 12 మాత్రమే. బోర్డు మొత్తం మార్చడానికి 33 పెడితే మాత్రం టీవీ కనీసం 2 ఏళ్ల 8 నెలలు పనిచేయాలి. బ్యాక్‌లైట్ (తెరకు వెనుక నుంచి వెలుగునిచ్చే దీపాలు), ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర) కూడా ఆరేళ్లు వాడినవే కాబట్టి ఆ నమ్మకం నాకు తక్కువ. మార్చిన బోర్డుకు రాతపూర్వకంగా గ్యారంటీ ఇస్తేనే ఆ మార్గం ఆలోచించండి. ఆరేళ్ల కిందట టీవీకి పెట్టిన డబ్బును ఈ లెక్కలోకి అసలు తీసుకురావద్దు. మరమ్మతు చేయించినా, చేయించకపోయినా అది తిరిగి రాదు.

మీరు అడగని మూడో దారి కూడా ఒకటుంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా మంచిది. బోర్డు మార్చకుండా ఆ రెండు కెపాసిటర్లను మాత్రమే మార్చి ఇస్తారా అని మెకానిక్‌ను అడగండి. ఆయన కాదంటే, సోల్డరింగ్ చేతనైన మరొకరికి ఆ పని అప్పగించవచ్చు. అప్పుడు పనిముట్ల ఖర్చు తప్పుతుంది. ఇకముందు కూడా వాడే ఉద్దేశం ఉంటే తప్ప, ఒక్క టీవీ కోసం పనిముట్లు కొనడం కన్నా ఇదే మేలు.

ఏ భాగమైనా కొనేముందు లోపం ఎక్కడుందో నిర్ధారించుకోవాలి. టీవీ ఆన్ చేసినప్పుడు శబ్దం వస్తూ తెర నల్లగా ఉంటే, చీకటి గదిలో తెరకు దగ్గరగా టార్చి వేసి చూడండి. బొమ్మ మసకగా కనిపిస్తే లోపం బ్యాక్‌లైట్ వైపు ఉన్నట్టు. దాన్ని సరిచేయాలంటే ప్యానెల్‌ను ఊడదీయాలి, ఆ పనిలో తెర పగిలే ప్రమాదం ఎక్కువ, కాబట్టి ఇంట్లో మొదలుపెట్టవద్దు. తెర పగిలితే ఆ టీవీ మీద ఇక పైసా కూడా ఖర్చు పెట్టవద్దు, ఎందుకంటే టీవీలో అన్నిటికన్నా ఖరీదైన భాగం ప్యానెలే. మీ టీవీలో కెపాసిటర్లు ఉబ్బినట్టు కంటికే కనిపిస్తోంది కాబట్టి మీకున్న అవకాశం మెరుగ్గానే ఉంది. కొత్తవి తీసుకునేటప్పుడు మైక్రోఫారడ్ విలువ (ఎంత నిలువ చేయగలదో చెప్పే అంకె) పాతదానితో సమానంగా, వోల్టేజి సమానంగా లేదా కాస్త ఎక్కువగా ఉండాలి. 105 డిగ్రీల వేడిని తట్టుకునేవే ఎంచుకోండి. పక్కన చార ఉన్న కాలు నెగటివ్, దాన్ని తారుమారు చేయకూడదు. ఫ్యూజు పోయి ఉంటే దాని వెనుక షార్ట్ ఉండవచ్చు. అంతకన్నా పెద్ద ఫ్యూజు వేయడం మంటలను పిలిచి తెచ్చుకోవడమే.

ఇక్కడ డబ్బు కన్నా ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి. పవర్ సప్లై బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో చాలా టీవీల్లో 300 వోల్టులకు మించి, కొన్నింటిలో 400 వోల్టుల దాకా కరెంటు నిలువ ఉంటుంది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా అది కొంతసేపు పోదు. దాన్ని ఖాళీ చేయడానికి స్క్రూడ్రైవర్ ఆనించి షార్ట్ చేయడం ప్రమాదకరం. కొంతసేపు ఆగి, మల్టీమీటర్‌తో కొలిచి, వోల్టేజి దాదాపు సున్నాకు దిగిందని చూసుకున్నాకే బోర్డు మీద చేయి వేయాలి. ఇలా కొలవడం మీకు కొత్త అయితే ఇంటి మరమ్మతు ఆలోచన మానుకుని, పైన చెప్పిన మూడో దారి పట్టండి. ఎంత మిగిలినా ఆ ప్రమాదానికి అది సాటి రాదు.

ఇక హద్దు విషయం: మొత్తం ఖర్చు పై లెక్కలోని 12 (కొత్త టీవీ ధర 100 అనుకుంటే) దాటకూడదు, ప్రయత్నం ఒక్కసారే. కెపాసిటర్లు మార్చాక కూడా టీవీ ఆన్ కాకపోతే, మెయిన్ బోర్డు మీద అనుమానంతో మరో భాగం కొనవద్దు. అప్పుడు కొత్తది కొనాల్సి వచ్చినా తొందరపడి వాయిదాలకు వెళ్లకండి. వడ్డీ లేదని చెప్పే వాయిదాల్లోనూ ప్రాసెసింగ్ రుసుము ఉండవచ్చు, నగదుకు దొరికే తగ్గింపు చేజారవచ్చు. ఆ రెండూ కలిపి చూస్తేనే అసలు వడ్డీ ఎంతో తెలుస్తుంది. ఆపత్కాలానికి దాచిన నిధిని టీవీ కోసం కదిలించవద్దు.

టీవీ బాగుపడితే, ఆ నెల నుంచే కొత్త టీవీ ధరలో నూరో వంతు చొప్పున విడిగా జమ చేయడం మొదలుపెట్టండి. మూడేళ్లు నడిస్తే 36 వంతులు చేతిలో ఉంటాయి, కొత్తదానికి అప్పు అంతమేరకు తగ్గుతుంది. టీవీ వెనుక గాలి ఆడేంత ఖాళీ వదలండి. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఈ రకం కెపాసిటర్ల ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే అంచనా.