ప్రయాణ సందేహాలు: ఇద్దరూ కలిసి సిడ్నీకి

ప్రశ్న: మేమిద్దరం మగవాళ్లం. కొన్నేళ్లుగా సీతమ్మధారలో ఒకే ఇంట్లో ఉంటున్నాం. స్వలింగ ప్రేమికుల పండుగైన మార్డీ గ్రా ఊరేగింపు చూడటానికి సిడ్నీ వెళ్లాలని ఉంది. వీసా ఫారంలో ఒకరికొకరం ఏమవుతామని రాయాలి? ఏ దారిన వెళితే మంచిది?
– పేరు వద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉన్నది ఉన్నట్టు రాయండి. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న మీ బంధం నేరం కాదంది. 2023 అక్టోబరు తీర్పులో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు కాబట్టి మీ దగ్గర వివాహ ధ్రువపత్రం ఉండే వీల్లేదు. ఫరవాలేదు. పెళ్లి లేకుండా దంపతుల్లా కలిసి బతికేవాళ్లను, ఇద్దరూ మగవాళ్లయినా సరే, ఆస్ట్రేలియా చట్టం ‘డీ ఫాక్టో’ జంటగా గుర్తిస్తుంది.

మీకు కావలసింది సందర్శకుల వీసా, సబ్‌క్లాస్ 600. ఎవరి దరఖాస్తు వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. ఒకరు ‘భాగస్వామి’ అనీ, రెండోవారు ‘స్నేహితుడు’ అనీ రాస్తే రెండు ఫారాల మీదా అనుమానం పడుతుంది. తప్పుడు సమాచారమని తేలితే మూడేళ్లపాటు వీసా రాకపోవచ్చు. ఇద్దరి పేర్లతో అద్దె ఒప్పందం గానీ ఉమ్మడి ఖాతా గానీ ఉంటే జతచేయండి. సెలవు మంజూరు పత్రం, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎలాగూ పెట్టాలి. దరఖాస్తుకు ముందు అప్పు తెచ్చి ఖాతాలో పెద్ద మొత్తం వేయకండి. ఎక్కడిదో చూపలేని డబ్బు మేలు చేయకపోగా దరఖాస్తుకే ఎసరు పెడుతుంది.

దారి సింగపూర్ మీదుగా అయితే నయం. మగవాళ్ల మధ్య బంధాన్ని నేరమనే 377ఏ సెక్షన్ అక్కడ 2023 జనవరిలో పోయింది. మలేసియాలో ఇప్పటికీ నేరమే. కౌలాలంపూర్‌లో విమానం మారినంత మాత్రాన ఏమీ కాదు గానీ, రెండో విమానం తప్పిపోయి ఊళ్లో ఒకే గది తీసుకోవాల్సి వస్తే మనసు కుదురుగా ఉండదు. ఏ దారైనా ఇక్కడి నుంచి సిడ్నీ దాకా ఒకే టికెట్ మీద కొనండి.

ప్రశ్న: ఊరేగింపు ఎక్కడి నుంచి చూడాలి? బస ఎక్కడ? మా బంధువుల కంట పడకుండా చూసిరావడం కుదురుతుందా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఊరేగింపు ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో ఒక శనివారం సాయంత్రం జరుగుతుంది. హైడ్ పార్కు దగ్గర బయల్దేరి ఆక్స్‌ఫర్డ్ వీధి, ఫ్లిండర్స్ వీధి మీదుగా మూర్ పార్కు చేరుతుంది. ముందు వరస కావాలంటే మధ్యాహ్నమే వెళ్లాలి. బస్సులు దారి మళ్లుతాయి. రైల్లో వచ్చి మ్యూజియం స్టేషన్‌లో దిగి నడవండి. డార్లింగ్‌హర్స్ట్‌లో గది అయితే అన్నీ నడకదూరమే కానీ ఆ రాత్రి నిద్ర ఉండదు. నిద్ర కావాలంటే కాస్త దూరంలోని న్యూటౌన్ చూసుకోండి. రైలుకీ ఫెర్రీకీ బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. అయితే మనిషికో కార్డు ఉండాలి.

ఊరేగింపు టీవీలో వస్తుంది, చుట్టూ అందరూ ఫొటోలు తీస్తూనే ఉంటారు. కాబట్టి కంచెకు ఆనుకోకుండా వెనక నిలబడండి. ఫోన్‌లో ట్యాగింగ్ ఆపేయండి. ఈ జాగ్రత్తకు సిగ్గుపడనక్కర్లేదు. 1978 జూన్ 24న మొదటి మార్డీ గ్రాలో పోలీసులు 53 మందిని పట్టుకుంటే, పత్రికలో పేర్లు అచ్చయి ఉద్యోగాలు పోయినవాళ్లున్నారు. వాళ్లను పెట్టిన డార్లింగ్‌హర్స్ట్ పోలీసు స్టేషన్ ఇప్పుడు క్యూటోపియా అనే మ్యూజియం. తప్పకుండా చూడండి. హార్బర్ చూడటానికి ఖరీదైన క్రూయిజ్ అక్కర్లేదు. సర్క్యులర్ కీ నుంచి మాన్లీ వెళ్లే మామూలు ఫెర్రీలో అరగంట కూర్చుంటే ఆపెరా హౌస్, వంతెన, రేవు అన్నీ కనిపిస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి సిడ్నీలో ఇంకో అబ్బాయిని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ రమ్మంటున్నారు. ఆ అబ్బాయిని ఫారంలో ఏమని రాయాలి? మాడుగుల హల్వా, ఆవకాయ పట్టుకెళ్లవచ్చా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: కొడుకు భర్త అనే రాయండమ్మా. 2017 డిసెంబరు నుంచి అక్కడ అది చట్టబద్ధమైన పెళ్లి. ఆహ్వాన లేఖ మీద ఇద్దరి చేతా సంతకం పెట్టించండి. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పథకమైన మెడికేర్‌తో మనకు ఒప్పందం లేదు, బీమా తీసుకోకుండా బయల్దేరకండి. ఆవకాయ ఇంట్లో పెట్టింది కాకుండా కంపెనీ సీలు, ఇంగ్లీషు లేబులు ఉన్నది కొనండి. పచ్చి కరివేపాకు, పళ్లు వద్దు. పాలతో చేసిన మిఠాయిలు సాధారణంగా తీసేసుకుంటారు. హల్వా సంగతి అక్కడి అధికారి చూసి తేలుస్తారు. విమానంలో ఇచ్చే కార్డులో తినుబండారాల ప్రశ్నకు ‘అవును’ అని టిక్ పెట్టండి. చెప్పి చూపిస్తే పోయేది హల్వా ఒక్కటే, దాచి దొరికితే పెద్ద జరిమానా కట్టాలి.